పేటెంటు పుచ్చుకున్నవారు ప్రజలకు ఏమిచ్చారు? – మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ సందేశాలు చాలావరకు పెద్ద టెక్నాలజీ కంపెనీల గొడవల గురించే. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కొత్తగా ఈ శీర్షిక చదువుతున్నవారికి ఒక మాట. నేను లాయరును కాను, పేటెంట్ ఏజెంటును. విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని చెన్నై పేటెంట్ ఆఫీసుకు దరఖాస్తులు వేయడం, అక్కడినుంచి వచ్చే అభ్యంతరాలకు జవాబులు రాయడం నా పని. కోర్టు దాకా వెళ్లే వ్యవహారమైతే లాయరు సలహా తీసుకోవాల్సిందే.

ప్రశ్న: మాది బీసెంట్ రోడ్డు దగ్గర మొబైల్ షాపు. యాపిల్, శాంసంగ్ ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడుకున్నాయని విన్నాం. ఐఫోన్‌కు డిస్‌ప్లే ఇచ్చేది శాంసంగేనని మా దగ్గర రిపేరు చేసే కుర్రాడు చెప్తాడు. ఇటు కేసులు, అటు వ్యాపారం ఎలా కుదురుతుందండీ? ఆ కొట్లాటంతా నాటకమేనా?
– షాపు యజమాని, విజయవాడ

జవాబు: నాటకం కాదండీ. 2011 ఏప్రిల్‌లో యాపిల్ కేసు వేసేనాటికి ఐఫోన్ ప్రాసెసర్‌ను తయారుచేసి ఇస్తున్నది శాంసంగే. కేసు నడుస్తున్నా ఆ సరఫరా ఆగలేదు. తర్వాత యాపిల్ చిప్పుల పనిని తైవాన్‌లోని టీఎస్ఎంసీకి మార్చుకుంది. కానీ 2017లో ఐఫోన్ టెన్ తెచ్చినప్పుడు దాని ఓఎల్ఈడీ తెరల కోసం మళ్లీ శాంసంగ్ దగ్గరికే వెళ్లింది. అంత మంచి తెరలు, అన్ని లక్షల్లో చేసివ్వగలవారు అప్పుడు వేరే లేరు. చిప్పులు, తెరలు అమ్మే విభాగానికి యాపిల్ పెద్ద ఖాతాదారు. ఫోన్లు అమ్మే విభాగానికి అదే యాపిల్ పోటీదారు. రెండూ నిజమే.

కొట్లాడుకున్నది దేనిమీదో చూడండి. జాబితా చివరికి వచ్చాక వేలితో ఇంకా లాగితే తెర కాస్త సాగి వెనక్కి రావడం. రెండుసార్లు తట్టి బొమ్మను పెద్దది చేయడం. గుండ్రటి మూలలున్న ఫోను ముఖం, ఐకాన్లు వరుసల్లో పేర్చిన తీరు. వీటి మీద 2012 ఆగస్టులో శాన్‌హోజేలోని జ్యూరీ యాపిల్‌కు దాదాపు 105 కోట్ల డాలర్లు చెల్లించమంది. అందులో కొంత తగ్గించారు, కొంత మళ్లీ లెక్క వేయమన్నారు. డిజైను కాపీ కొట్టినందుకు ఫోను మొత్తం మీద వచ్చిన లాభం ఇచ్చేయాలా, ఆ డిజైను ఉన్న భాగం మేరకు ఇస్తే చాలా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రతిసారీ మొత్తం ఫోనునే లెక్కలోకి తీసుకోనక్కర్లేదని 2016 డిసెంబరులో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా చెప్పారు. 2018 మేలో ఇంకో జ్యూరీ 53.9 కోట్ల డాలర్లని తేల్చింది. మరుసటి నెలలోనే రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. ఏ షరతులమీద రాజీ కుదిరిందో బయటపెట్టలేదు. తీర్పులో ఉన్న ఫోన్లు అప్పటికే మీలాంటి షాపుల నుంచి ఎప్పుడో మాయమయ్యాయి.

నేను ఏ పేటెంటు గొడవనైనా ఒకే చోట నిలబడి చూస్తాను. పేటెంటు అంటే ప్రజలకూ కనిపెట్టినవారికీ మధ్య ఒక ఒప్పందం. నువ్వు కనిపెట్టింది ఎలా పనిచేస్తుందో దాచకుండా కాగితం మీద పెట్టు, దానికి బదులుగా 20 ఏళ్లపాటు ఇంకెవరూ దాన్ని వాడకుండా ఆపే హక్కు ఇస్తాం, ఆ తర్వాత అది అందరి సొత్తు. కంపెనీ తన హక్కు వాడుకుంటున్నప్పుడు ప్రజలకు రావాల్సిన సగం వచ్చిందా లేదా అన్నదే నాకు ముఖ్యం. యాపిల్, శాంసంగ్ కేసులో రెండువైపులా లాయర్లకు ఇచ్చిన డబ్బు చివరికి ఫోను కొన్నవారి జేబులోంచి వచ్చిందే. దానికి తగినంత కొత్త జ్ఞానం ప్రజలకు అందిందని నాకు అనిపించదు.

అదే కాలంలో జరిగిన ఒక వేలం సంగతి మీలాంటి వ్యాపారస్తులకు ఇంకా బాగా అర్థమవుతుంది. కెనడా టెలికాం కంపెనీ నోర్టెల్ 2009లో దివాలా తీసింది. దాని చేతిలో దాదాపు 6,000 పేటెంట్లు మిగిలాయి. 2011లో వాటిని వేలానికి పెడితే గూగుల్ 90 కోట్ల డాలర్లతో పాట మొదలుపెట్టింది. పాట పెరిగి పెరిగి చివరికి యాపిల్, మైక్రోసాఫ్ట్, సోనీ, ఎరిక్సన్, బ్లాక్‌బెర్రీ తయారుచేసే రిమ్, ఈఎంసీ కలిసి 450 కోట్ల డాలర్లకు కొట్టేశాయి. మామూలుగా ఒకదానితో ఒకటి పోటీపడే కంపెనీలివి. గూగుల్‌వారి ఆండ్రాయిడ్ ఎదుట ఉండేసరికి ఒక్కటయ్యాయి. ఆ పేటెంట్లు చాలావరకు రాక్‌స్టార్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. అది ఒక్క వస్తువూ తయారుచేయలేదు. 2013 అక్టోబరు చివర్లో గూగుల్ మీద, శాంసంగ్‌తో సహా ఆండ్రాయిడ్ ఫోన్ల కంపెనీల మీద కేసులు వేసింది. ఏడాది తిరిగాక రాజీ కుదిరింది. దాదాపు 4,000 పేటెంట్లను 90 కోట్ల డాలర్లకు అమ్మేసి ఆ దుకాణం కట్టేశారు.

వేలంలో ఓడిన గూగుల్ ఊరుకుందా? 2011 ఆగస్టులోనే మోటరోలా మొబిలిటీని 1,250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. దానితోపాటు వచ్చిన పేటెంట్లు సుమారు 17,000. 2014లో ఫోన్ల వ్యాపారాన్ని లెనోవోకు 291 కోట్లకు అమ్మేసి, పేటెంట్లలో ఎక్కువ భాగం తన దగ్గరే ఉంచుకుంది. నువ్వు నామీద కేసు వేస్తే నేనూ నీమీద వేయగలనని చూపించడానికి అంత సొమ్ము పెట్టారు. ఇలాంటి పేటెంటును చాలాసార్లు కోర్టులో వాడాల్సిన అవసరమే రాదు, బీరువాలో ఉంటే చాలు. పెద్ద కంపెనీలకు ఇది ఆత్మరక్షణ. అలాంటి బీరువా లేని చిన్న కంపెనీ మాత్రం ఆ గదిలోకే అడుగుపెట్టలేదు. నన్ను బాధపెట్టేది ఆ సంగతే.

మైక్రోసాఫ్ట్ ఇంకో దారి పట్టింది. ఆండ్రాయిడ్ తనది కాకపోయినా అందులో తన పేటెంట్లు ఉన్నాయంటూ హెచ్‌టీసీ నుంచి, శాంసంగ్ నుంచి లైసెన్సు డబ్బు తీసుకుంది. శాంసంగ్ ఒక్క ఏడాదిలో 100 కోట్ల డాలర్లకు పైగా కట్టిందని 2014లో కోర్టు కాగితాల్లో బయటపడింది. అదే మైక్రోసాఫ్ట్ 2018 అక్టోబరులో, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మీద ఒకరిపై ఒకరు పేటెంటు కేసులు వేసుకోబోమని ఒప్పుకున్న ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరి 60,000 పేటెంట్లను ఆ ఒప్పందం కిందికి తెచ్చింది. తన క్లౌడ్ వ్యాపారానికి లైనక్స్ కావాల్సి వచ్చింది కాబట్టే చేరిందనుకోండి. అయినా మంచి పని మంచి పనే.

మీకు నేరుగా తగిలిన సంగతి కూడా ఒకటుంది. 2014 డిసెంబరులో షావోమీ ఫోన్ల అమ్మకాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి, గుర్తుండే ఉంటుంది. టెలికాం కంపెనీ ఎరిక్సన్ తన పేటెంట్ల మీద వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు అది. కొద్ది రోజులకు క్వాల్‌కామ్ చిప్పులున్న ఫోన్లు అమ్ముకోవచ్చని, ఒక్కో ఫోనుకు 100 రూపాయల చొప్పున డిపాజిట్ చేయాలని సడలించారు. 2జీ, 3జీ, 4జీ సిగ్నల్ అందుకోవాలంటే ఆ ప్రమాణంలోనే (అన్ని ఫోన్లూ పాటించాల్సిన సాంకేతిక పద్ధతిలోనే) ఉన్న కొన్ని పేటెంట్లు వాడక తప్పదు. విజయవాడ నుంచి గుంటూరుకు హైవే మీద వెళ్లేవారు కాజ దగ్గర టోల్ కట్టక తప్పనట్టే. వేరే దారి లేదు కాబట్టే, న్యాయమైన ధరకు, ఎవరిపట్లా వివక్ష లేకుండా లైసెన్సు ఇస్తామని వాటి యజమానులు ముందే మాటివ్వాలి. ఆ న్యాయమైన ధర ఎంత అన్నదగ్గరే గొడవంతా. మన దేశపు లావా మీద ఎరిక్సన్ కేసులో 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు 244 కోట్ల రూపాయల పరిహారం చెల్లించమంది.

ఇలాంటి పేటెంట్లతో డబ్బు అడగడం సబబే, అమ్మకాలే ఆపించడం మాత్రం సబబు కాదని నా అభిప్రాయం. శాంసంగ్ ఇలాంటి పేటెంటుతోనే పాత ఐఫోన్ల దిగుమతి మీద నిషేధం తెచ్చుకుంటే, 2013 ఆగస్టులో ఒబామా ప్రభుత్వం దాన్ని కొట్టేసింది. సొంత దేశపు కంపెనీని కాపాడుకున్నారని చాలామంది అన్నారు. ఎవరి ఫోను అన్నది పక్కనపెట్టినా ఆ నిర్ణయం సరైనదే.

ప్రశ్న: మేడమ్, మేం నలుగురం కలిసి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా మిర్చి యార్డు కోసం ఒక యాప్ చేశాం. టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) గుప్పెడు కాయలు తీసి ఫోటో కొడితే రంగు, నాణ్యత ఎంతో చెప్తుంది. దగ్గర్లో ఎవరు ఎంతకు కొంటున్నారో కూడా చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు ఇండియాలో పేటెంటు రాదని మా లెక్చరర్ అంటున్నారు. అమెజాన్‌కు ఒక్క క్లిక్‌కే ఇచ్చారట కదా, మాకెందుకు ఇవ్వరు?
– బీటెక్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మా, మీ లెక్చరర్ చెప్పింది సగం నిజం. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ – వీటికి పేటెంటు లేదు. 2004 చివర్లో ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో ఈ తలుపు కొంత తెరవబోయింది. 2005లో పార్లమెంటు ఆ భాగాన్ని ఒప్పుకోలేదు. పార్లమెంటు చేసింది మంచి పని అని నేను ఇప్పటికీ నమ్ముతాను. లేకపోతే మీలాంటి నలుగురు యాప్ రాయడానికి కూర్చునే ముందు ఎవరెవరి అనుమతి కావాలో వెతుక్కోవాల్సి వచ్చేది.

అయితే ప్రోగ్రామ్ ఉన్నంత మాత్రాన దరఖాస్తును కొట్టేయకూడదు, అది సాంకేతికంగా ఏదైనా మేలు సాధిస్తోందా అని చూడాలని ఢిల్లీ హైకోర్టు 2019లో చెప్పింది. ఆ కోణంలో మీ యాప్‌ను రెండుగా విడదీయండి. ఎవరు ఎంతకు కొంటున్నారో చూపించడం వ్యాపార పద్ధతి, దాన్ని వదిలేయండి. యార్డులో రేకుల కింద వెలుతురు ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది. ఆ తేడాను సరిచేసి మామూలు ఫోను కెమెరాతోనే రంగును నమ్మకంగా కొలిచే కొత్త ఉపాయం మీ దగ్గర ఉంటే, అక్కడ వాదించడానికి చోటుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఏఐ మోడల్‌కు మిర్చి ఫోటోలు నేర్పించడమే మీరు చేసినదైతే, పేటెంటు మీద డబ్బు పెట్టకండి. యాప్ బాగా పనిచేసేలా చేసుకుని రైతుల చేతిలో పెట్టండి. మీరు రాసిన కోడ్ మీద కాపీరైటు ఎలాగూ మీకు ఉంటుంది.

అమెజాన్ సంగతి. 1997లో దరఖాస్తు వేసింది, 1999 సెప్టెంబరులో పేటెంటు వచ్చింది. కొనేవారి చిరునామా, కార్డు వివరాలు ముందే దాచిపెట్టుకుని ఒక్క నొక్కుతో ఆర్డరు తీసుకోవడమే అందులో ఉన్నది. మరుసటి నెలలోనే పుస్తకాల కంపెనీ బార్న్స్ అండ్ నోబుల్ మీద కేసు వేసి, క్రిస్మస్ అమ్మకాల ముందు ఇంజంక్షన్ (ఆ పద్ధతి వాడకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంది. బార్న్స్ అండ్ నోబుల్ తన సైటులో ఇంకో క్లిక్ పెంచుకోవాల్సి వచ్చింది. ఏడాదిలో వ్యాపారం జోరుగా సాగేది ఆ కొద్ది వారాల్లోనే. పేటెంటు చెల్లుతుందా అన్నదే అనుమానమంటూ 2001లో పై కోర్టు ఆ ఇంజంక్షన్ ఎత్తేసింది. కానీ అప్పటికే ఆ సీజను పోయింది. 2002లో రాజీ. యాపిల్ మాత్రం గొడవ పడకుండా 2000లోనే లైసెన్సు తీసుకుంది. యూరప్‌లో ఆ పేటెంటు దక్కలేదు. అమెరికాలో 2017లో గడువు తీరింది.

పైన చెప్పిన ఒప్పందం దగ్గరికి వచ్చి చూడండి. ఆ పేటెంటు కాగితం చదివి ప్రపంచంలో ఏ ప్రోగ్రామరు కొత్తగా ఏం నేర్చుకున్నారు? సైటు ఒకసారి చూస్తే ఎవరైనా రాసుకోగలరు. ప్రజల సగం అక్కడ అందలేదు. దాన్ని చూసి మీరు ఆశ పెట్టుకోవద్దని నా మాట.

మీ ఉపాయం నిజంగా కొత్తదని నమ్మితే ముందు నోరు కట్టుకోండి. టెక్ ఫెస్టులో చూపించడం, యూట్యూబ్‌లో పెట్టడం, పేపరు ప్రచురించడం – ఇవన్నీ దరఖాస్తు వేశాకే. ముందే బయటపెడితే మీ సొంత వీడియోనే మీకు అడ్డు వస్తుంది. ముందుగా ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకుంటే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల సమయం ఉంటుంది. విడి వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. తర్వాత పరీక్షకు వేరే ఫీజు ఉంటుంది. మీ నలుగురి పేర్లమీదే వేస్తే, దరఖాస్తుదారుల్లో మీరు ఉన్నారు కాబట్టి త్వరగా పరీక్షించమని అడగవచ్చు. ఒక్క మహిళ ఉన్నా ఆ వెసులుబాటు ఇచ్చారు. ఇది తెలియక వదిలేసుకునేవారు చాలామంది. ఇంకొకటి, హక్కు మీదా, కాలేజీదా అన్నది మీ కాలేజీ నియమాల కాగితం తెచ్చుకుని చదవండి. నోటిమాట నమ్మవద్దు.

ప్రశ్న: పసుపుకు అమెరికావాళ్లు పేటెంటు తీసుకున్నారని చిన్నప్పుడు బడిలో చెప్పారు. మాది దుగ్గిరాల, తాతల నాటి నుంచీ పసుపు వ్యాపారమే. మన పంట మీద వాళ్లకు హక్కు ఎలా వస్తుంది? ఇప్పుడు కూడా ఉందా?
– గృహిణి, దుగ్గిరాల

జవాబు: లేదండీ, రద్దయింది. ఆ పేటెంటు పసుపు పంట మీద కాదు, గాయాలు మానడానికి పసుపు వాడటం మీద. 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రానికి ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. ఇది మా నానమ్మలకే తెలుసు అని చెబితే అక్కడ చాలదు. రాసి, అచ్చయి ఉన్న ఆధారం చూపించాలి. సంస్కృత గ్రంథాల నుంచి, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం దాకా సేకరించి పెట్టారు. 1997లో పేటెంటు పోయింది. ఆ తర్వాతే మన సంప్రదాయ విజ్ఞానాన్ని విదేశీ పేటెంట్ ఆఫీసులు వెతుక్కోగలిగేలా ఒక డిజిటల్ గ్రంథాలయంగా తయారుచేయడం మొదలైంది.

పెద్ద టెక్నాలజీ కంపెనీలు ఒకరి పేటెంటును ఒకరు పడగొట్టేదీ ఇలాగే. పాత పత్రికలు, పాత మాన్యువళ్లు, ఎప్పుడో ఎవరో చేసిన ప్రదర్శన తవ్వి తీసి, ఇది ముందే ఉందని చూపిస్తారు. కోర్టుకు వెళ్లకుండా పేటెంట్ ఆఫీసులోనే ఆ పని చేయడానికి అమెరికాలో 2012 నుంచి ఒక మార్గం ఉంది. దాన్ని తరచుగా వాడుకునేవారిలో యాపిల్, శాంసంగ్, గూగుల్ ఉన్నాయి. మన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ప్రచురించిన దరఖాస్తు మీద, పేటెంటు ఇవ్వకముందే, ఎవరైనా సరే అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. ఆ వ్యాపారంలో ఉండాల్సిన పనిలేదు. సెక్షన్ 25(1) అది. మన చట్టంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం.

గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ సెంటర్ పేరు చూసే ఉంటారు. ఆ నాట్కో మందుల కంపెనీకే 2012 మార్చిలో మన పేటెంట్ కంట్రోలర్ తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసి అమ్ముకునే అనుమతి, ఇచ్చారు. బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సవార్ నెలకు 2.80 లక్షల రూపాయలు ఉండేది. నాట్కో 8,800కు ఇస్తానంది. బేయర్‌కు రాయల్టీ కట్టే షరతు మీదే అనుమతి ఇచ్చారు. ఒప్పందంలో ప్రజల సగం అందనప్పుడు చట్టం ఏం చేయగలదో ఆ ఒక్క ఉత్తర్వు చూపించింది.

ప్రశ్న: ఏ ఆండ్రాయిడ్ ఫోను కొన్నా గూగుల్, క్రోమ్, యూట్యూబ్ ముందే ఉంటాయి. తీసేద్దామన్నా పోవు. మనం డబ్బు పెట్టి కొన్న ఫోనులో వాళ్ల యాప్‌లు ఉండాలని ఎవరు నిర్ణయించారు? దీనికీ పేటెంటే కారణమా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: దీనికి పేటెంటుతో పని లేదండీ, కారణం ఒప్పంద పత్రాలు. ప్లే స్టోరు కావాలంటే గూగుల్ యాప్‌ల కట్ట మొత్తం పెట్టుకోవాలి, సెర్చ్ ముందు తెరమీద ఉండాలి అని ఫోన్ల కంపెనీలతో గూగుల్ రాయించుకుంది. ప్లే స్టోరు లేని ఫోను ఎవరూ కొనరు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. ఇది మార్కెట్‌లో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, ఆదేశాల్లో కొన్నింటిని కొట్టేసింది. యూరప్‌లో 2018లోనే ఇదే తరహా ఆరోపణ మీద 434 కోట్ల యూరోల జరిమానా పడింది, తర్వాత కోర్టు దాన్ని కొంచెం తగ్గించింది. మన దేశంలో ఆ ఆదేశం తర్వాత, ఫోన్ల కంపెనీలు యాప్‌లకు విడివిడిగా లైసెన్సు తీసుకోవచ్చని, కొత్త ఫోను మొదలుపెట్టేటప్పుడు సెర్చ్ ఇంజను వాడేవారే ఎంచుకోవచ్చని 2023 జనవరిలో గూగుల్ ప్రకటించింది. ఈసారి ఫోను మార్చినప్పుడు ఆ ఎంపిక తెర వస్తే తొందరపడి దాటేయకండి.

బ్యాంకులో పనిచేశారు కాబట్టి ఈ లెక్క మీకు చెప్పాలి. ఐఫోన్‌లో సెర్చ్ తనదే ఉండేందుకు గూగుల్ 2022లో యాపిల్‌కు దాదాపు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టులో తేలింది. బయటికి పోటీదారులు, లోపల ఇంత లావాదేవీ. ఇలాంటి ఒప్పందాలతో సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా తీర్పు చెప్పారు. 2025 సెప్టెంబరులో పరిష్కారం చెప్పేటప్పుడు క్రోమ్‌ను అమ్మేయమనలేదు. వేరే ఎవరికీ చోటివ్వని ఒప్పందాలు కుదరవన్నారు, డబ్బు ఇవ్వడాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. నాకు ఆ పరిష్కారం సరిపోలేదు. డబ్బు ఇచ్చే దారి అలాగే ఉంటే, అంత డబ్బు ఇవ్వలేని కొత్త సెర్చ్ కంపెనీ ఎక్కడ నిలబడుతుంది?

ప్రశ్న: పెద్ద కంపెనీ చిన్న కంపెనీని మంచి ధరకు కొనేస్తే తప్పేముంది? ఇద్దరికీ లాభమే కదా.
– యువ వ్యాపారి, మంగళగిరి

జవాబు: అమ్మేవారికీ కొనేవారికీ లాభమే. వాడేవారి సంగతి ఎవరు చూడాలి? ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు, 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. స్నాప్‌చాట్ 2013లో అమ్మనంది. 2016లో దాని స్టోరీస్ పద్ధతి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రత్యక్షమైంది. అమ్మకపోతే ఏం జరుగుతుందో మిగతా చిన్న కంపెనీలన్నీ చూశాయి. ఈ కొనుగోళ్ల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2020లో వేసిన కేసు 2025 నవంబరులో ఓడిపోయింది. ఇప్పుడు టిక్‌టాక్, యూట్యూబ్ గట్టి పోటీగా ఉన్నాయి కాబట్టి మెటాకు (ఫేస్‌బుక్ కంపెనీ ఇప్పటి పేరు) గుత్తాధిపత్యం ఉందని రుజువు కాలేదన్నారు. అందుకే ఇలాంటి కొనుగోళ్లను జరిగేటప్పుడే చూడాలి, పదేళ్లు పోయాక చూసి లాభం లేదు. మన దేశంలో 2,000 కోట్ల రూపాయలు దాటిన కొనుగోలుకు, అమ్ముడుపోయే కంపెనీకి ఆస్తులు, అమ్మకాలు తక్కువగా ఉన్నా, ఇక్కడ దానికి చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే కాంపిటీషన్ కమిషన్ అనుమతి కావాలన్న నియమం 2024 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఆలస్యంగా వచ్చినా అవసరమైన నియమం.

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు చిన్న వర్క్‌షాపు ఉంది. లారీ డీజిల్ ట్యాంకు నుంచి దొంగతనం జరిగితే యజమాని ఫోనుకు మెసేజ్ పంపే పరికరం తయారుచేసి అమ్ముతున్నాం. మొన్న ఒక బయటి ఊరి కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. అది వాళ్ల పేటెంటట. 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు వేస్తామని రాశారు. ఇంట్లో అందరికీ టెన్షన్. కట్టేద్దామా?
– వర్క్‌షాపు యజమాని, విజయవాడ

జవాబు: ఇప్పుడే కట్టకండి. అలాగని నోటీసును పక్కన పడేయకండి. ఫోను చేసి వాళ్లతో మాట్లాడటం, అవునండీ మాది మీదానిలాంటిదే అని ఒప్పుకోవడం అసలు వద్దు.

ముందు నోటీసులో పేటెంటు నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే నంబరు ఇమ్మని ఒక్క వాక్యం రాసి పంపండి. ఉంటే అది ఇండియా పేటెంటేనా అన్నది చూడాలి. అమెరికా పేటెంటు మన దగ్గర చెల్లదు. చాలామందికి వచ్చే నోటీసులో ఉండేది దరఖాస్తు నంబరు మాత్రమే. దరఖాస్తు వేసినంత మాత్రాన కేసు వేసే హక్కు రాదు, పేటెంటు మంజూరయ్యాకే వేయగలరు. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో ఇవన్నీ ఉచితంగా వెతుక్కోవచ్చు. ఏటా కట్టాల్సిన రెన్యువల్ ఫీజు కట్టారో లేదో కూడా అక్కడే కనిపిస్తుంది. అది కట్టకపోతే పేటెంటు చెల్లకుండా పోతుంది.

తర్వాత ఆ పత్రం చివర్లో ఉండే క్లెయిములు, అంటే ఏయే అంశాల మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలు, ప్రింటు తీసుకోండి. పేరు, బొమ్మ, మొదట్లో రాసిన గొప్పలు కాదు, హక్కు ఉండేది క్లెయిముల్లోనే. మొదటి క్లెయిమును ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎదురుగా మీ పరికరంలో అది ఉందా లేదా రాయండి. ఒక్క ముఖ్యమైన భాగం మీ దాంట్లో లేకపోయినా వాళ్ల వాదన బలహీనపడుతుంది. ఉదాహరణకు వాళ్ల క్లెయిములో అల్ట్రాసోనిక్ సెన్సార్ అని ఉండి, మీరు ట్యాంకులో ఫ్లోటు వాడుతుంటే, అది చిన్న తేడా కాదు. ఈ పట్టిక మీరే వేసుకోగలరు. నా దగ్గరికి వచ్చేవారిచేత కూడా ముందు ఇదే చేయిస్తాను. తయారుచేసిన మనిషికి తెలిసినంతగా ఏ ఏజెంటుకూ, లాయరుకూ పరికరం తెలియదు.

అన్ని ముక్కలూ సరిపోతే? అప్పుడు వాళ్లు దరఖాస్తు వేసిన తేదీకి ముందు మీరు అమ్మిన బిల్లులు, వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, పాత డీలర్ల కాటలాగులు వెతకండి. మీ ఆటోనగర్‌లోనే ఇంకెవరైనా అంతకుముందే అలాంటిది చేసి ఉంటే అదీ ఆధారమే. ముందే అందరికీ తెలిసినదానికి పేటెంటు నిలవదు. కేసులో మీ రక్షణగా కూడా ఆ వాదన చేయవచ్చు.

నోటీసు రాగానే భయపడి కట్టేస్తే ఏమవుతుందో పెద్దవాళ్ల కథ ఒకటి ఉంది. సొంతంగా ఏమీ తయారుచేయని ఎన్‌టీపీ అనే కంపెనీకి, బ్లాక్‌బెర్రీ చేసే రిమ్ 2006 మార్చిలో 61.25 కోట్ల డాలర్లు కట్టింది. సేవలు ఆపేయమని కోర్టు అంటుందేమోనన్న భయం అది. ఆ పేటెంట్లు చెల్లవని అమెరికా పేటెంట్ ఆఫీసు పునఃపరిశీలనలో అప్పటికే చెబుతూ వస్తోంది. అయినా తుది మాట వచ్చేదాకా ఆగే ధైర్యం అంత పెద్ద కంపెనీకే లేకపోయింది. ఇలాంటి బేరం మీద బతికేవారికి పేటెంటు ఒప్పందంలోని ఒక సగమే కావాలి. వారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

మన చట్టంలో సెక్షన్ 106 అని ఒకటి ఉంది. ఆధారం లేకుండా పేటెంటు పేరుతో బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవారే కోర్టుకు వెళ్లి ఆ బెదిరింపులు ఆపించవచ్చు, నష్టం జరిగితే పరిహారం అడగవచ్చు. మీ జవాబులో లాయరు ఈ సెక్షన్ ప్రస్తావిస్తే అవతలివారి గొంతు చాలాసార్లు మారుతుంది. ఒకవేళ వాళ్ల పేటెంటు గట్టిదే, మీ పరికరం అందులోకే వస్తుందని తేలితే, లైసెన్సు తీసుకోవడంలో అవమానం ఏమీ లేదు. అప్పుడు కూడా వాళ్లు చెప్పిన మొత్తానికి కాదు, మీరు అమ్మే ఒక్కో పరికరానికి ఇంత అని బేరమాడండి. పాత అమ్మకాలకు మాఫీ రాయించుకోండి.

15 రోజుల గడువు వాళ్లు పెట్టుకున్నది, చట్టం పెట్టింది కాదు. అయినా ఆ లోపే మీ లాయరుతో ఒక చిన్న జవాబు పంపించండి: నోటీసు అందింది, పరిశీలిస్తున్నాం, పేటెంటు నంబరు, క్లెయిముల వివరం, మా పరికరం వాటిని ఎలా ఉల్లంఘిస్తోందో రాసి పంపండి అని. అంతకు మించి ఒక్క మాట వద్దు. నోటీసు, అది వచ్చిన కవరు, మీ పాత బిల్లుల ఫైలు ఒకచోట పెట్టండి.